ఉద్యోగము ముగిసిన పిమ్మట: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి ఉత్తరజీవితము

పదవీవిరమణదినమున పాఠశాలయందు సభ జరుగును. పూలమాల వేయుదురు, శాలువ కప్పుదురు, సన్మానపత్రము చదివి వినిపింతురు. శిష్యులు పాదములంటి నమస్కరింతురు. మరునాడు ప్రాతఃకాలమున మాత్రము ఆ ఉపాధ్యాయుడు పోవలసిన చోటు లేదు. బడిగంట మ్రోగును గాని అది ఆయనకొరకు కాదు. ముప్పది యేండ్లు గంటకు లోబడి నడచిన మనస్సునకు ఆ స్వేచ్ఛ మొదట సుఖముగ తోచి, కొన్ని నాళ్లకే బరువగును. చేతిలో కాలము నిండుగ నుండును. చేయవలసిన పని యేదియో తెలియకుండును. ఈ యవస్థ నెరిగిన పెద్దలు మన కుటుంబములలో ననేకులు గలరు. ఆ దినము సమీపించుచున్న మాబోంట్లకును ఈ చింత లేకపోలేదు.

ఇట్టివారికి దారి చూపగల జీవితమొకటి మన తెలుగువారిలోనే యున్నది. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము. ఆయన జన్మదినమైన ఆగష్టు 29వ తేదీని నేడు తెలుగు భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. వ్యావహారిక భాషోద్యమమునకు ఆయన మూలపురుషుడని పిల్లలు సైతము పరీక్షలలో వ్రాయుదురు. కాని యొక విషయమును మనము తరచుగ గమనింపము. పంతులుగారు 1880లో ఉపాధ్యాయవృత్తియందు ప్రవేశించి 1911లో విరమించిరి, 1940లో కీర్తిశేషులైరి. అనగా ఉద్యోగము చేసిన కాల మెంతయో, విరమించిన పిదప జీవించిన కాలమును ఇంచుమించుగ నంతయే. నేడు మన మాయనను ఏ కార్యములనుబట్టి స్మరించుచున్నామో, అవి చాలవరకు ఈ రెండవ భాగముననే నెరవేరినవి.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. అది నేటి శ్రీకాకుళము జిల్లాలో, వంశధారాతీరమున వెలసిన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపముననున్న పల్లె. తండ్రి వీరరాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. 1875లో ఆయన జ్వరముచేత మరణించుటతో పండ్రెండేండ్ల బాలునకు కుటుంబభారము తెలిసివచ్చెను. బంధువుల యాశ్రయమున చదువు సాగించి, విజయనగరమున మెట్రిక్యులేషను పరీక్షలో 1879లో ఉత్తీర్ణుడయ్యెను. ఆ తరగతిలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆ బాల్యస్నేహము ముందు ముందు తెలుగుభాషకే మేలుచేయగలదని ఆనాడెవ్వరికిని తెలియదు.

పై చదువులకు స్థోమత లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతికి చరిత్ర బోధించు పని దొరికెను. నెలకు 30 రూపాయల జీతము. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగ చదివి, 1896లో బి.ఏ. పరీక్ష నిచ్చి ఉత్తీర్ణులైరి. క్రమముగ ఆ పాఠశాల కళాశాలగ వృద్ధిపొందగా, పంతులుగారును అందు అధ్యాపకులైరి.

ఉద్యోగకాలముననే ఆయనకు రెండు వ్యాసంగము లలవడెను. ఈ రెంటిలో నేదియు జీతమునకు సంబంధించినది కాదు. మొదటిది శాసనపఠనము. ముఖలింగ దేవాలయముల గోడలమీద గాంగరాజుల శాసనములు చెక్కియుండెను. చరిత్ర బోధించువాడు చరిత్రకాధారమైన శాసనమును తానే చదువలేకున్న ఎట్లని, గురుముఖము లేకయే ప్రాచీన లిపులను స్వయంకృషిచేత నేర్చుకొనిరి. రెండవది సవరభాష. పర్లాకిమిడికి చేరువనున్న కొండలలో నివసించువారు సవరలు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని సంబంధించినది కాదు; ముండా భాషాకుటుంబమునకు చెందినది. ఆనాటి కా భాషకు లిపి లేదు, పుస్తకము లేదు, వారి బిడ్డలకు బడి లేదు. పంతులుగారు తెలుగును సవరయును రెండును తెలిసిన యొక వ్యక్తిని ఇంట నుంచుకొని ఆ భాష నభ్యసించిరి. తెలుగు లిపిలో వారికి వాచకములు వ్రాసిరి. సొంత ధనముతో బడులు పెట్టి, అందలి ఉపాధ్యాయులకు తామే జీతము లిచ్చిరి.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. కొండలలో తిరుగుచుండగా చలిజ్వరము పట్టుకొనెను. దానికి తీసికొన్న క్వినైను మందు జ్వరమును మాన్పెను గాని వినికిడిని హరించెను. జనులు పలుకు మాటలే శాస్త్రమునకాధారమని నమ్మినవానికి చెవుడు! అంతకుమించిన విధివైపరీత్య ముండునా? అయినను పంతులుగారు అది మొదలు మాటలపై ఆసక్తి తగ్గించుకొనలేదు సరికదా, మరింత పెంచుకొనిరి.

ఇట్లుండగా 1906 ప్రాంతమున జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చెను. ఆయనకొక సందేహము కలిగెను. తరగతిలో పిల్లలు, ఉపాధ్యాయుడు ఒక తెలుగున మాటలాడుకొనుచున్నారు. పుస్తకము తెరచినంతనే వేరొక తెలుగు వినవచ్చుచున్నది. ఇందేది నిజమైన తెలుగు? ఈ ప్రశ్న గురజాడవారికిని, విశాఖపట్టణమున కళాశాల ప్రధానాధ్యాపకులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారికిని, పంతులుగారికిని సోకెను. సవరబిడ్డకు సవరభాషలో చదువు చెప్పవలెనని శ్రమించుచున్న పంతులుగారికి, తెలుగుబిడ్డకు తెలుగులోనే చదువు చెప్పుటలేదని యప్పుడు స్ఫురించెను. రెండు పనులకును మూలసూత్ర మొక్కటియే. బిడ్డ యే మాటతో ఇంటినుండి బడికి వచ్చునో, ఆ మాటతోనే విద్య ప్రారంభము కావలెను.

1911లో పంతులుగారు ఉద్యోగమునుండి విరమించిరి. అప్పటి కాయన వయస్సు 48 సంవత్సరములు. ముప్పదియేండ్ల సేవ, చెవుడు, జ్వరములచేత నలిగిన దేహము. ఇంట కూర్చుండి భాగవతము చదువుకొనినచో నెవ్వరును తప్పుపట్టెడివారు కారు. కాని ఆయనకు విరమణ యనగా పనిని విడచుట కాదు. పనికి అడ్డుగానున్న దానిని విడచుట. ఉపాధ్యాయునకు పాఠ్యప్రణాళిక యుండును, నిర్ణీత గ్రంథములుండును, దినమున కిన్ని గంటలను లెక్క యుండును. తన మనస్సు కోరిన విచారణకు మిగిలినది రాత్రియు సెలవుదినములును మాత్రమే. అట్టి వానికి దినమంతయు చేజిక్కినది. దానిని పంతులుగా రెట్లు వినియోగించిరో చూడవలెను.

వివాద మేమో నేటి పిన్నవారికి తెలియుట యవసరము. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది మొదలు, ఆయన వ్యాకరణమునకు లోబడిన గ్రాంథికభాషయే గద్యమునకు తగినదని పండితులు నిశ్చయించుకొనిరి. విద్యార్థి నోట ‘వస్తున్నాడు’ అను మాట ఉండును. కాగితముపై ‘వచ్చుచున్నాడు’ అని వ్రాయవలెను. ‘చెయ్యాలి’ అనువాడు ‘చేయవలెను’ అని దిద్దుకొనవలెను. సంధి, అరసున్న, సరళాదేశము తప్పినచో మార్కులు పోవును. దానిచేత భావము చెప్పుట కంటె తప్పు లేకుండుటయే విద్యార్థికి ప్రధానమయ్యెను. తెలిసిన సంగతిని వ్రాయుటకు భయపడు విద్యావంతులు తయారగుచున్నారని పంతులుగారి వాదము.

ఆయన విరమించిన యేడాది రెండేండ్లకే పోరాటము ముదిరెను. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలోగాని ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తర్వు వెలువడెను. దానికి పండితలోకము కలతపడెను. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ మార్పు నెదుర్కొనెను. పంతులుగారు 1913లో ఆధునికాంధ్రమును సమర్థించుచు ఆంగ్లమున నొక విజ్ఞాపనము ప్రకటించిరి. గురజాడవారు 1914లో తమ అసమ్మతిపత్రమును వ్రాసిరి. ఫలితము మాత్రము ప్రతికూలమయ్యెను. ప్రభుత్వ మిచ్చిన వెసులుబాటు తొలగిపోయెను. 1915 నవంబరు 30వ తేదీన గురజాడవారును కాలధర్మము నొందిరి. మిత్రుడు పోయెను, ఉత్తర్వు పోయెను. పంతులుగారు ఏకాకులుగ మిగిలిరి. ఆనాటి కాయనకు 52 ఏండ్లు.

అటుపిమ్మట ఆయన యవలంబించిన మార్గము పండితులందరును గమనింపదగినది. ప్రాచీన గ్రంథములను పంతులుగారు నిందింపలేదు. వానిని ప్రతిపక్షులకంటె నెక్కువగ చదివిరి. కావ్యములు, శాసనములు, వ్యాఖ్యానములు, కైఫీయతులు, పాత ఉత్తరములు వెదకి, ఎచ్చటెచ్చట జనుల వాడుకరూపములు కనిపించునో పోగుచేసిరి. పూర్వులు పద్యమున కొక భాషయు, వ్యవహారమున కొక భాషయు వాడిరనియు, వ్యవహారమును కావ్యవ్యాకరణముతో బంధించుట నడుమవచ్చిన యలవాటనియు చూపిరి. అంతటితో నాగక, గ్రాంథికమే వ్రాయుదుమని చెప్పు పండితుల గద్యమును తీసి, అందు వారి వ్యాకరణము ననుసరించియే వారు చేసిన తప్పులను పట్టికలుగ వేసిరి. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము, బాలకవిశరణ్యము, గద్యచింతామణి మొదలైన రచనలు ఈ పరిశ్రమఫలములే. ఇందు కొంత కారము గలదు. కాని పుట పుటకును ప్రయోగములు చూపినందున, కోపగించినవారును కాదనలేకపోయిరి.

1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజము స్థాపితమయ్యెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులు. రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. గ్రాంథికమున నంత గద్యము వ్రాసిన వీరేశలింగముగారే ఈ పక్షమునకు వచ్చుట గొప్ప విజయము. కాని ఆ సంవత్సరము మే నెల 27వ తేదీననే ఆయన స్వర్గస్థులైరి. అదే యేట పంతులుగారు ‘తెలుగు’ అను మాసపత్రికను ప్రారంభించిరి. అది సుమారొక యేడాది నడచి యాగిపోయెను. ఇట్లు ఒక్కొక్క యాధారమును చేజారుచుండగా, ఆయన తిరిగి సభలకు పోవుట, తిరిగి వ్రాయుట మానలేదు.

ఫలము ఆలస్యముగ వచ్చెను. 1924లో కాకినాడయందలి ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికముపై తాను విధించిన నిషేధమును తొలగించెను. 1925లో తణుకున జరిగిన పరిషత్సభలో పంతులుగారు నాలుగు గంటలసేపు ప్రసంగించి, గ్రంథములనుండి ప్రయోగముల నెత్తిచూపి, సభను తమ వాదమున కనుకూలముగ తీర్మానింపజేసిరి. ఎదుటివాని మాట తనకు వినబడదు. తన మాట నెదుటివారు నాలుగు గంటలు వినిరి! పదునాలు గేండ్ల క్రిందట ఉద్యోగము విడచిన వృద్ధుని విద్యాబలమది.

ఈ భాషావివాదపు సందడిలో పంతులుగారు సవరలను మరచిరా? మరువలేదు. వారి సేవకై ప్రభుత్వము 1913లోనే రావు బహదూరు బిరుదు నిచ్చియుండెను. బిరుదు వచ్చినది గదా యని పనిని ముగింపక, అప్పుడప్పుడే వెలువడుచున్న భాషాశాస్త్రగ్రంథములను తెప్పించుకొని, లిపి లేని భాషకు వ్యాకరణము నిర్మించు పద్ధతిని నేర్చుకొనిరి. సుమారు 35 ఏండ్ల కృషికి ఫలముగ సవరభాషా వ్యాకరణము ఆంగ్లమున సిద్ధమయ్యెను. మద్రాసు ప్రభుత్వము దానిని 1931లో ముద్రించినది. అప్పటి కాయనకు 68వ యేడు. సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో అచ్చయ్యెను. అప్పటికి 75. ఈ రెండు గ్రంథములను నేటికిని ముండా భాషల పరిశోధకులు సంప్రదించుచునే యున్నారు. నలుబది దాటిన పిమ్మట కొత్త విద్య వంటబట్టదని నిరాశపడు వారు ఈ సంఖ్యలను జ్ఞాపకముంచుకొనదగును.

1933లో ఆయన సప్తతి మహోత్సవము జరిగెను. ఆ సందర్భమున తెలికిచెర్ల వేంకటరత్నముగారి సంపాదకత్వమున పరిశోధనవ్యాసములతో నొక సంపుటము వెలువడెను. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. ఇట్టి సన్మానములను చూచినచో వార్ధక్యము సుఖముగ గడచినదని తోచును. కాని నడుమ నొక గాయమున్నది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడెను. తెలుగువా రధికముగనున్న పర్లాకిమిడి ప్రాంతమును అందు చేర్పరాదని పంతులుగారు ముందునిలిచి వాదించిరి. వాదము నెగ్గలేదు, పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాలో చేరెను. అది నేటి ఒడిశాలో గజపతి జిల్లాయందున్నది. పదునేడేండ్ల ప్రాయమున 30 రూపాయల జీతమునకు చేరి, ఏబదియారేండ్లు నివసించిన యూరది. రాష్ట్రప్రారంభోత్సవము జరుగు నాటి ఉదయముననే, నిరసనగా, డెబ్బదిరెండేండ్ల ఆ వృద్ధుడు పర్లాకిమిడిని విడచి రాజమహేంద్రవరము చేరెను. శేషజీవిత మచ్చటనే గడపిరి. పంతులుగారి జ్యేష్ఠపుత్రులు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రి పరిశ్రమ నందుకొని సవరభాషయందును తెలుగుసాహిత్యమందును కృషిచేసి ప్రసిద్ధులైరి.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పంతులుగారు పత్రికాసంపాదకులకు తమ కడపటి విన్నపము చేసిరి. తమ పత్రికలను ప్రజల వాడుకభాషలో నడిపి, వ్రాయనేర్చిన ప్రతివాడును నిర్భయముగ వ్రాయునట్లు చేయుడని దాని సారాంశము. ఆ నెల 22వ తేదీన ఆయన తనువు చాలించిరి. పత్రికలు, పాఠ్యపుస్తకములు, పరీక్షలు, విశ్వవిద్యాలయములు వాడుకభాషకు సంపూర్ణముగ తలుపులు తెరచుట ఆయన కన్నులార చూడలేదు. అది తరువాతి తరమున జరిగినది.

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? ఆయనకు విరమణానంతరము లభించినది విజయపరంపర కాదు. ఉత్తర్వు రద్దయ్యెను, పత్రిక నిలిచిపోయెను, మిత్రులు ముందుగ వెడలిరి, ఊరు పరరాష్ట్రమయ్యెను. అయినను అది శూన్యమైన జీవితమని యెవ్వరనగలరు? ప్రతి ప్రాతఃకాలమున ఆయనను పిలుచు పని యొకటి యుండెను. ఆ పని 1911లో క్రొత్తగ వెదకి తెచ్చుకొన్నది కాదు. ఉద్యోగములో నుండగానే, జీతము లేని గంటలలో నాటుకొన్నది. విరమణ దానికి నీరు పోసినది. కావున విరమించిన మరునాడు ఏమి చేయుదునని యడుగుటకంటె, విరమింపక ముందే నా జీతము లేని గంటలలో నేమి చేయుచున్నానని యడిగికొనుట మేలు. ఇప్పటికే విరమించిన పెద్దలు సైతము వెనుదిరిగి చూచుకొన్నచో, సమయము లేక నడుమ విడచిన పని యేదో యొకటి కనబడకపోదు.

పండిత శిక్షణ పొంది, పాత శైలి నలవరచుకొని, ఈ పత్రికలో నా శైలిలోనే వ్రాయుచున్న నాబోటివారు పంతులుగారిని ప్రశంసించుట కొందరికి వింతగ తోచవచ్చును. తోచనక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును రచించునపుడు జాను తెనుగున కే యగ్రస్థాన మిచ్చెను. బసవేశ్వరాది శరణులు సంస్కృతమును విడచి ప్రజల కన్నడముననే వచనములు చెప్పిరి. జనుల నోటి మాటయం దింత గౌరవముగల పూర్వులను గలిగిన మనకు పంతులుగారి పక్షము పరాయిది కానేరదు. ప్రాతశైలి నెరిగియుండుట వేరు. అది యెరుగనివాని నోరు మూయుట వేరు. పంతులుగా రెదిరించినది రెండవ దానినే.

మన గ్రామములలో చేయువారు లేక నిలిచియున్న పనులు కొల్లలు. మఠములలో చదువువారు లేని తాళపత్రములున్నవి. ముసలివారితో మరుగుపడుచున్న పాటలు, సామెతలు, వృత్తిపదములున్నవి. ఇంటిభాష యొకటియు బడిభాష యొకటియునై తడబడు గిరిజన బాలబాలికలు నేటికిని గలరు. ఇవి జీతమిచ్చు పనులు కావు. అధికారి యాజ్ఞతో జరుగు పనులును కావు. తీరిక, ఓర్పు, అనుభవము గలవారే వీనిని చేయవలెను. అట్టివారు విరమించిన ఉపాధ్యాయులు గాక మరెవ్వరు? ఇందొక్కదానిని చేపట్టి, దినమునకు రెండు గంటలు కేటాయించి, ఒక నోటుపుస్తకముతో నేడే ప్రారంభింపవచ్చును. పంతులుగారును సవరభాషను అట్లే, ఒక్కొక్క మాట వ్రాసికొనుచు ప్రారంభించిరి.